బ్యారన్‌ను వదిలి ఎక్కడికి?

పొగాకు ధర పడిపోయిన ప్రతి ఏడూ ఒకటే మాట వినిపిస్తుంది: వేరే పంట వేసుకోవచ్చు కదా అని. ప్రకాశం జిల్లాలో వేరే పంట వేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొన్నేళ్లకు మళ్లీ పొగాకు నారు కోసం వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు.

నాటు పొగాకు, లంక పొగాకు మనకు పాతవే. సిగరెట్‌కు పనికొచ్చే వర్జీనియా మాత్రం కంపెనీ వెంట వచ్చింది. ఇంపీరియల్ టొబాకో తరఫున ఆకు వ్యవహారాలు చూసే ఐఎల్‌టీడీ 1912లో మొదలైంది. 1920ల్లో గుంటూరు నల్లరేగళ్లలో వర్జీనియా నిలదొక్కుకుంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి. అంతకుముందు వ్యాపారి చెప్పిందే గ్రేడు, అతను ఇచ్చినప్పుడే డబ్బు. 1985లో ఆంధ్రలో బోర్డు వేలం మొదలుపెట్టాక ఆ తీరు మారింది. బేళ్లు, అంటే ఆకు కట్టలు, వరుసగా పేరుస్తారు, కొనేవాళ్లు చూసి ధర కడతారు. ఎవరూ అడగని బేలు 'నో బిడ్' అయి ఇంటికి తిరిగొస్తుంది. ఆ టెన్షన్ తక్కువేం కాదు. అయినా కందికో జొన్నకో ఈ మాత్రం ఏర్పాటు ఎవరు చేశారు?

ఇక బ్యారన్, అంటే వర్జీనియా ఆకును వేడితో ఆరబెట్టే గది. పచ్చాకును కర్రలకు అల్లి, ఈ ఎత్తైన గదిలో వరుసల మీద వరుసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే, ఆ వేడి గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి దాదాపు వారం రోజుల్లో మెల్లగా 70 దాకా తీసుకెళ్లాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఏమరుపాటుగా ఉంటే నల్లబడుతుంది. అందుకే రాత్రిళ్లు కూడా ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండాల్సిందే. బోర్డు లెక్కంతా బ్యారన్ల మీదే నడుస్తుంది, ఒక్కో బ్యారన్‌కు ఇంత ఆకు అని అనుమతి. అప్పు చేసి కట్టిన ఈ గది మరే పంటకూ అక్కరకు రాదు. మానేయమనేవాళ్లు పంట గురించి మాట్లాడతారు, రైతుకేమో కళ్లముందు బ్యారన్ కనబడుతుంది.

నిల్వలు పేరుకుపోయి 2000-01లో ఆంధ్రలో పొగాకుకు పంట విరామం ప్రకటించారు. ఆ రోజుల్లో నల్లరేగళ్లలో చాలామందిని ఆదుకున్నది శనగ. పొగాకులాగే అదీ నేలలో మిగిలిన తేమతో పండుతుంది, పైగా కూలీల ఖర్చు తక్కువ. జేజీ-11, కాక్-2 రకాలు ఊళ్లకు ఊళ్లనే మార్చేశాయి. నన్నడిగితే మన దగ్గర నిజంగా జరిగిన మార్పిడి అదొక్కటే, అదీ ఏ పథకం పేరూ లేకుండా. తర్వాత 2013 ప్రాంతంలో శనగ ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు, వాటి మీద బ్యాంకు అప్పులు మిగిలాయి. వేలం కేంద్రంలాంటిది శనగకు లేదు. సుబాబుల్, జామాయిల్ వేసినవాళ్లు పేపరు మిల్లుల ధర మీద ఆధారపడ్డారు. పశ్చిమ గోదావరి మెట్టలో బోరు నీళ్లున్నవాళ్లకు ఆయిల్‌పామ్, కోకో, మొక్కజొన్న దొరికాయి. పొదిలి, కనిగిరి వైపు ఆ నీళ్లెక్కడివి?

ఈలోగా పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారత్ 2004లో ఆమోదించింది. 2005లో అది అమల్లోకి వచ్చింది. గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలకు ప్రభుత్వాలు తోడ్పడాలని దాని 17వ అధికరణం చెబుతుంది. కేంద్రం 2015-16లో పంటల మార్పిడి కార్యక్రమాన్ని ఆంధ్ర, తెలంగాణ సహా పది పొగాకు రాష్ట్రాలకు విస్తరించింది. ప్రదర్శన క్షేత్రాలు, యంత్రాలు, శిక్షణ అందులో ఉన్నాయి. బ్యారన్‌కు పరిహారం ఇవ్వాలని రైతులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. 2015లోనే ధరలు కూలి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఎవరు ఎంత పొగాకు అమ్ముకోవచ్చో చెప్పే కోటా పద్ధతిని అమెరికా 2004లో ఎత్తేసినప్పుడు, కోటా ఉన్నవాళ్లకూ సాగుదారులకూ పదేళ్లపాటు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు కట్టించింది. ఆ డబ్బు సిగరెట్ తయారీదారులు, దిగుమతిదారుల నుంచే వసూలు చేసింది. మన దగ్గర సిగరెట్ పన్నుల రాబడి గురించి మాట్లాడేటప్పుడు ఈ ముచ్చట ఎందుకో ఎవరికీ గుర్తురాదు.

మొన్నటికి మొన్న కథ తలకిందులుగా కూడా నడిచింది. మిర్చి, పత్తి, శనగ వేసే పర్చూరు, ఇంకొల్లు వైపు రైతులు నల్ల బర్లీ అనే మరో రకం పొగాకుకు మంచి ధర వచ్చిందని విని అటు మళ్లారు. బోర్డు వేలం వర్జీనియాకే తప్ప బర్లీకి వర్తించదు. కొంటామన్నవాళ్లు 2025లో వెనక్కి తగ్గేసరికి ఆకు ఇళ్లలోనే ఉండిపోయింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌తో కొనిపించి, వచ్చే సీజన్‌లో నల్ల బర్లీ వేయొద్దంది. దాంతో వాళ్లు మళ్లీ మిర్చి, శనగ ధరల లెక్కల్లో పడ్డారు.