మడత పెట్టిన పాట: ఎంక్యూఏ గొడవ ఎక్కడ మొదలైంది?

2024 జులైలో టైడల్ అనే మ్యూజిక్ స్ట్రీమింగ్ సర్వీసు ఎంక్యూఏ అనే ఆడియో ఫార్మాట్‌కి స్వస్తి చెప్పి, ఒక్క బిట్టూ పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌కు మారింది. దాని చందాదారుల్లో చాలామందికి చెవిలో ఏ మార్పూ తెలిసి ఉండదు. పదేళ్ల గొడవ ఆ తేడా గురించే మరి.

ఎంక్యూఏ అంటే 'మాస్టర్ క్వాలిటీ ఆథెంటికేటెడ్'. ఇంగ్లండ్‌కు చెందిన మెరిడియన్ ఆడియో సహ వ్యవస్థాపకుడు బాబ్ స్టువర్ట్ 2014 డిసెంబరులో దీన్ని తెచ్చారు. డీవీడీ-ఆడియోలో ఒక్క బిట్టూ పోకుండా సంగీతాన్ని కుదించిన పద్ధతి మెరిడియన్‌దే. ఆ పేరు చూసే కొన్ని ఆడియో పత్రికలు ఎంక్యూఏని నెత్తిన పెట్టుకున్నాయి.

అప్పట్లో ఇబ్బంది కూడా నిజమైనదే. 1982లో వచ్చిన సీడీకి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. స్టూడియోలోని అసలు రికార్డింగు, అంటే మాస్టర్, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. కుదించకపోతే సీడీకి ఆరున్నర రెట్ల డేటా. ఫోన్లో వినేవాడికి అది భారమే. స్టువర్ట్ ఉపాయం ఏమిటంటే, మన చెవికి అందని పై పౌనఃపున్యాల సమాచారాన్ని ఫైలు అడుగు బిట్లలోకి, పట్టుచీరను అట్టపెట్టెలో సర్దినట్టు, మడిచి పెట్టడం. ఈ మడతలో కొంత సమాచారం పోతుంది. పోయింది వినబడేది కాదని ఆయన వాదన.

మడత విప్పాలంటే మాత్రం లైసెన్సున్న యాపో, డాకో (డిజిటల్ ఫైలును స్పీకరుకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) కావాలి. అవి లేకపోయినా పాట వస్తుంది, కాకపోతే మడత మడతగానే ఉంటుంది. విప్పగలిగే చాలా డాక్‌ల మీద చిన్న లైటు ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే ఎంక్యూఏ ఫైలు, నీలంగా వెలిగితే కళాకారుడో, హక్కుదారుడో ఆమోదించిన 'స్టూడియో' ఫైలు. డబ్బు పెట్టి కొన్నవాడికి ఆ నీలం చుక్క చూస్తే తృప్తి. నాకైతే చెవికంటే కంటికే ఎక్కువ పని పెట్టిన ఫార్మాట్ ఇదే అనిపిస్తుంది.

2017 జనవరిలో టైడల్ ఎంక్యూఏ ఫైళ్లను నెలకు 19.99 డాలర్ల ప్లాన్‌లో పెట్టింది. అదే ఏడాది స్కాట్లండ్ ఆడియో పరికరాల కంపెనీ లిన్ గట్టిగా అడ్డం తిరిగింది. స్టూడియో నుంచి స్పీకరు దాకా ప్రతి మలుపులో టోల్‌గేటు పెడుతున్నారన్నది దాని అభ్యంతరం. 2021లో ఒక యూట్యూబర్ తన ఫైళ్లను టైడల్‌లో పెట్టించి, తిరిగొచ్చినవాటిని అసలుతో పోల్చి చూశాడు. రెండూ ఒకటి కావని తేలింది. టెస్ట్ సిగ్నళ్లు సంగీతం కావని ఎంక్యూఏ జవాబిచ్చింది.

చెవుల మాటకొస్తే, అసలు సీడీని మించిన హై-రెజ్ ఆడియోలో తేడా వినబడుతుందా అన్నదే పాత తగవు. 2007లో అచ్చయిన బోస్టన్ ప్రయోగంలో హై-రెజ్‌కూ సీడీ నాణ్యతకూ తేడా పట్టమని 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ నుంచి వచ్చిన విశ్లేషణ పాత పరీక్షలు కొన్నింటిని కలిపి, చిన్న తేడా ఉందనీ, శిక్షణ ఉన్నవాళ్లు మెరుగ్గా పట్టగలరనీ చెప్పింది.

ఈలోగా నెట్ చౌకైంది. 2021 జూన్‌లో ఆపిల్ అదనపు రేటేమీ లేకుండానే లాస్‌లెస్ (ఏమీ పోకుండా కుదించిన) సంగీతం ఇచ్చింది. మడత పెట్టాల్సిన అవసరమే పోయింది. 2023 ఏప్రిల్‌లో ఎంక్యూఏ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, సెప్టెంబరులో కెనడాకు చెందిన లెన్‌బ్రూక్ దాని ఆస్తులు కొనుక్కుంది. 2024 ఏప్రిల్‌లో టైడల్ తన ప్లాన్లను కలిపేసి ధర 10.99 డాలర్లకు దించింది. డాక్‌ల మీద ఆ లైటు ఇంకా ఉంది, వెలిగేదే అరుదు.