వాకిట్లో ట్రైలర్, గోడకు ప్లగ్గు

టెక్సాస్‌లో జూలై అంటే మనకు మే నెల కిందే లెక్క. ఇంటి నిండా చుట్టాలు, పడుకోడానికి గదులు చాల్లేదు. అప్పుడు డ్రైవ్‌వేలో నిలబెట్టి ఉంచిన ట్రావెల్ ట్రైలర్ గుర్తొచ్చింది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు అది. మంచం, చిన్న వంటగది, బాత్రూం, పైకప్పు మీద ఏసీ, అన్నీ ఉంటాయి. గరాజ్ గోడకున్న సాకెట్ నుంచి వైరు లాగి, ఏసీ వేసి, "హాయిగా పడుకోండి బాబాయ్" అని చెప్పి వచ్చేశాను. గంటన్నర తర్వాత ఎందుకో అటు వెళ్లి, వైరూ అడాప్టరూ కలిసే చోట చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. ప్లగ్గు ప్లాస్టిక్ మెత్తబడి ఓ పక్కకి వంగిపోయింది. ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ. లోడు ఎక్కువైతే కరెంటు తెంచేయాల్సిన బ్రేకర్ మాత్రం పడలేదు.

నన్ను భయపెట్టింది ఆ పడని బ్రేకరే.

ముందు లెక్క చూద్దాం. అమెరికాలో ఇంటి సాకెట్‌లో వచ్చేది 120 వోల్టులు, మన 230లో దాదాపు సగం. సగమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అదే పని జరగాలంటే ఇక్కడ రెట్టింపు ఆంప్స్ లాగాలి. వైరు వేడెక్కేది ఆంప్స్‌ని బట్టే. పైగా ఆంప్స్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 1840ల్లో జేమ్స్ జౌల్ తేల్చిన సూత్రం ఇది.

మామూలు ట్రైలర్‌కి 30 ఆంప్స్ ప్లగ్గుంటుంది, అంటే 3,600 వాట్లు. గోడ సాకెట్ 15 ఆంప్స్‌ది, 1,800 వాట్లు. అదీ గంటల తరబడి వాడితే 80 శాతం దాటకూడదని నియమం కాబట్టి చేతికొచ్చేది 12 ఆంప్స్, 1,440 వాట్లు. ట్రైలర్ ప్లగ్గు గోడ సాకెట్‌లో పట్టదు, మధ్యలో అడాప్టర్ కావాలి. కుక్క కొరికే ఎముకలా ఉంటుందని ఇక్కడ దాన్ని డాగ్ బోన్ అంటారు. అది ప్లగ్గు ఆకారం మారుస్తుందే గానీ కరెంటు పెంచదు.

ఆ 12 ఆంప్స్‌నీ 13,500 బీటీయూ (మన లెక్కలో టన్నుకి కాస్త పైన) ఏసీ ఒక్కటే మింగేయగలదు. స్టార్టయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. మైక్రోవేవ్ ఇంకో 12. నీళ్లు కాచే కాయిల్ ఇంకో 12. వీటన్నిటి వెనకా చడీచప్పుడు లేకుండా బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్ ఒకటుంటుంది. బ్యాటరీ ఖాళీగా ఉంటే అది కూడా బాగానే లాగుతుంది. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఫ్రిజ్, గీజర్ గ్యాస్ మీదకి మార్చేయడం, పెద్ద సామాను ఎప్పుడూ ఒకటే నడపడం. ఏసీ నడుస్తుంటే రైస్ కుక్కర్ ఇంట్లోనే.

సరే, నా ప్లగ్గు కరిగిన రాత్రి ఇదంతా ఏమీ నడవట్లేదు. ఏసీ ఒక్కటే. అందుకే బ్రేకర్ పడలేదు. బ్రేకర్ చూసేది తన గుండా ఎన్ని ఆంప్స్ పోతున్నాయన్నదే. దాని కాపలా గోడలోని వైరుకి. గోడ దాటాక ఎక్కడో ఒక పిన్ను వదులుగా ఉందన్న సంగతి దానికి తెలియదు. పాత సాకెట్‌లో పిన్నుని పట్టుకునే రేకులు అరిగి బిగువు పోతాయి. ఆ లూజ్ కాంటాక్ట్ దగ్గర అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. 12 ఆంప్స్‌కి 72 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేర్ షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌కి 25, 60 వాట్లు చాలు. అంతకంటే ఎక్కువ వేడి గోళీకాయంత చోట, ప్లాస్టిక్ మధ్య ఇరుక్కుంటుంది. వేడికి రేకు ఇంకా వదులవుతుంది, ఇత్తడి నల్లబడుతుంది, నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి. బ్రేకర్‌కి మాత్రం ఎప్పటికీ అవే 12 ఆంప్స్.

కాబట్టి వైరు వేసిన అరగంటకి ప్రతి జాయింట్ దగ్గరా చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేకపోతే లోడు ఆపేసి, ఆ సాకెట్ మార్పించాల్సిందే.

ఎక్స్‌టెన్షన్ వైరు సంగతీ అంతే. అమెరికా గేజ్‌లో అంకె తగ్గేకొద్దీ వైరు లావు. గడ్డి కోసే మిషన్‌కి వాడే 16 గేజ్ వైరు 50 అడుగులు వేస్తే, పోనూ రానూ కలిపి 0.4 ఓమ్. 12 ఆంప్స్‌కి దాదాపు 5 వోల్టులు దారిలోనే పోతాయి, 58 వాట్లు వేడిగా మారతాయి. చుట్ట చుట్టి వదిలేస్తే ఆ వేడి బయటికి పోయే దారుండదు. 10 గేజ్ వైరైతే ఇదంతా నాలుగో వంతే. లో వోల్టేజీకి ఏమవుతుందో, వేసవిలో బోరు మోటారు కాల్చుకున్న ఏ రైతునడిగినా చెబుతాడు. మోటారు చేయాల్సిన పని తగ్గదు, వోల్టేజీ తగ్గిన లోటుకి ఇంకా ఆంప్స్ లాగి వైండింగ్ వేడెక్కించుకుంటుంది. ట్రైలర్ ఏసీ కంప్రెసర్ కూడా మోటారే. 104 వోల్టుల దగ్గర తనంతట తానే లైను తెంచేసే రక్షణ పెట్టెలు దొరుకుతాయి. ఖరీదెక్కువే, కానీ కొత్త ఏసీ కన్నా చవక.

ఇంతవరకూ వస్తువులు కాలడం గురించి. ఇక మనిషి ప్రాణం మూడో పిన్నులో, ఎర్త్‌లో ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమనేది, అమ్మ చెప్పులేసుకుని తలుపు తీయమనేది. ఎర్త్ లేదు, అంతే. ట్రైలర్ కూడా అలాంటి పెద్ద ఇనప పెట్టె, పైగా రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఎర్త్ తెగి, లోపల ఎక్కడో కరెంటు లీకైతే, ఆ వోల్టేజీ ఒంటినిండా పెట్టుకుని కూర్చుంటుంది. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. తడి గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకున్న పిల్లాడి గుండానే అది నేలకి దిగుతుంది.

మన ఊళ్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి కడ్డీ పాతే అలవాటు కొద్దీ, ట్రైలర్ పక్కన ఒక రాడ్ దిగ్గొడితే పోలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మట్టి నిరోధం 25 ఓమ్‌లుంటే 120 వోల్టులకి పారేది 5 ఆంప్స్ లోపే. దానికి 15 ఆంప్స్ బ్రేకర్ కదలదు. ఎర్త్ వైరు ఇంటి మెయిన్ ప్యానెల్ దాకా తెగకుండా వెళ్లి, అక్కడ న్యూట్రల్‌తో కలవాలి. అప్పుడే లీకైన కరెంటు ఒక్కసారిగా పెరిగి బ్రేకర్ పడుతుంది. ఆ రెండూ కలవాల్సింది ప్యానెల్లోనే, ట్రైలర్‌లో ఎక్కడా కలవకూడదు.

గరాజ్, ఆరుబయట సాకెట్లకి జీఎఫ్‌సీఐ అనే రక్షణ ఉంటుంది. బర్కిలీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియల్ 1961లో కనిపెట్టిన పరికరం. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోల్చి, 5 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే రెప్పపాటు కన్నా ముందే తెంచేస్తుంది. మన ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ మామూలుగా 30 మిల్లీ ఆంప్స్‌ది, ఇది దానికన్నా చాలా చురుకు. ట్రైలర్ పెట్టగానే ఇది పడిపోతోందని విసుక్కుని, జీఎఫ్‌సీఐ లేని సాకెట్ వెతుక్కునేవాళ్లని చూశాను. అది ఊరికే పడదు. గీజర్ కాయిల్‌కి చెమ్మ పట్టి ఉంటుంది, లేదా ట్రైలర్‌లో న్యూట్రల్, ఎర్త్ ఎవరో కలిపేసి ఉంటారు. బ్రేకర్లన్నీ ఆపి ఒక్కొక్కటే వేస్తూ పోతే చాలాసార్లు దొంగ దొరుకుతుంది. అన్నీ ఆపినా పడుతుంటే వైరింగ్ తెలిసినవాళ్లని పిలవాలి.

మూడు లైట్ల టెస్టర్ ఒకటి కొని ముందు సాకెట్‌లో పెట్టి చూడండి. ఫేజూ న్యూట్రలూ తారుమారైతే చెప్తుంది. కానీ సాకెట్ వెనక ఎర్త్ వైరు లేక, న్యూట్రల్‌నే ఎర్త్ స్క్రూకి ముడేసిన పాత ఇళ్లలో అది కూడా మోసపోయి అంతా బాగుందంటుంది. అందుకే ప్లగ్గు పెట్టాక, ట్రైలర్‌ని ముట్టుకోకముందే, తాకకుండా పసిగట్టే పెన్ను లాంటి టెస్టర్‌ని దాని ఇనప ఒంటి దగ్గరికి తీసుకెళ్తాను. కూత పెట్టిందా, ముందు ఇంట్లోకి పోయి బ్రేకర్ ఆపడమే.

చివరికి గరాజ్ పక్కన 30 ఆంప్స్ సాకెట్ విడిగా పెట్టించుకున్నాను, 10 గేజ్ వైరుతో. వచ్చిన ఎలక్ట్రీషియన్ మొదట అడిగిన ప్రశ్న: "డ్రైయరుకేనా?" బట్టలారబెట్టే మిషన్ పాత సాకెట్ కూడా మూడు పిన్నులదే, 30 ఆంప్స్‌దే, కానీ అందులో 240 వోల్టులు. ఆ అలవాటుతో ట్రైలర్ సాకెట్‌కీ 240 కలిపేస్తే లోపల మైక్రోవేవ్, కన్వర్టర్, టీవీ క్షణాల్లో మాడిపోతాయి. ఇక్కడ ట్రైలర్లున్న వాళ్లలో బాగా తెలిసిన ప్రమాదమే ఇది. "కాదు, ట్రైలర్‌కి, 120" అని రెండుసార్లు చెప్పాను. పని అయ్యాక ఆయన వెళ్లబోతుంటే ఆపి, మల్టీమీటర్ తెచ్చి చేతికిచ్చాను. నవ్వి రెండు కడ్డీలూ లోపలికి పెట్టాడు. 121 చూపించింది.