ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు టీచర్ డిస్కౌంట్: అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టుకుని చదివించే తల్లి నిజంగా టీచరే. అందులో మాకు రెండో మాట లేదు. కానీ లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ లాంటి వాటి మీద టీచర్లకు తగ్గింపు ఇచ్చే కంపెనీ ఆమె కష్టాన్ని చూడదు, ఒక విద్యాసంస్థ ఇచ్చిన కాగితాన్ని అడుగుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ దారి పట్టిన కుటుంబాలు ఆ కాగితం దగ్గరే ఆగిపోతున్నాయి. కొందరు దొరకని దాని కోసం నెలలు తిరుగుతున్నారు, ఇంకొందరు హక్కుగా వచ్చేదాన్ని కూడా అడగకుండా వదిలేస్తున్నారు.

అపోహ: అమెరికాలో హోమ్‌స్కూల్ వాళ్ళకు ఇస్తున్నారు కాబట్టి ఇక్కడా ఇస్తారు.

వాస్తవం: అక్కడ ఉన్న అన్నయ్యో వదినో చెప్పిన మాట వాళ్ళ వరకు నిజమే. చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్నామని స్థానిక విద్యాశాఖకు రాతపూర్వకంగా తెలియజేస్తారు. ఆ ఉత్తరమే వాళ్ళకు ఆధారం. ఆపిల్ అమెరికా స్టోర్ షరతుల్లో హోమ్‌స్కూల్ టీచర్ల ప్రస్తావన స్పష్టంగా ఉంది. ఫొటో, డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మే అడోబీ కంపెనీ అక్కడి హోమ్‌స్కూల్ పిల్లల నుంచి మూడింటిలో ఏదో ఒకటి తీసుకుంటుంది: తేదీ ఉన్న హోమ్‌స్కూల్ తెలియజేత ఉత్తరం, హోమ్‌స్కూల్ సంఘం సభ్యత్వ కార్డు, లేదా ఆ విద్యాసంవత్సరానికి పాఠ్యసామగ్రి కొన్న రసీదు.

మన దేశంలో హోమ్‌స్కూలింగ్‌ను నమోదు చేసే ఆఫీసే లేదు. 2009 విద్యాహక్కు చట్టంలో అలాంటి నమోదు పద్ధతి పెట్టలేదు. కాబట్టి మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్ళి ‘హోమ్‌స్కూల్ సర్టిఫికెట్’ ఇమ్మంటే వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. వాళ్ళు కావాలని తిప్పుతున్నారని అనుకోవద్దు. అమెరికా షరతులు చదివి ఇక్కడ దరఖాస్తు పెట్టడం కూడా దండగే. ఏ కంపెనీ అయినా సరే, భారతదేశం పేజీలో ఉన్న అర్హత షరతులే చదవండి.

అపోహ: నోటరీ అఫిడవిట్, సొంత లెటర్‌హెడ్, ఐడీ కార్డు ఉంటే సరిపోతుంది.

వాస్తవం: స్టాంపు పేపరు మీద ‘మేము మా పిల్లలకు చదువు చెబుతున్నాము’ అని రాస్తే అది మీ ప్రకటన అవుతుంది, మీ ఇల్లు విద్యాసంస్థ అయిపోదు. యూనీడేస్, షీర్‌ఐడీ లాంటి పరిశీలన సంస్థలు ముందు మీ సంస్థ పేరు తమ జాబితాలో ఉందా అని చూస్తాయి. లేని పేరుకు పోస్టర్ అంత కార్డు చూపించినా ఫలితం ఉండదు.

ఇంతకంటే ప్రమాదకరమైన దారి ఇంకొకటి ఉంది. డబ్బు కట్టించుకుని పేరు మాత్రం రిజిస్టర్‌లో ఎక్కించుకునే బడిలో చేర్పించి, అక్కడ చదువుతున్నట్టు బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం. ఇది దయచేసి చేయకండి. అబద్ధపు కాగితం అన్నది ఒక సంగతి. రెండో సంగతి, ఆ బడి మీ బిడ్డ వివరాలను యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ బడుల రికార్డు పోర్టల్‌లో ఎక్కిస్తే, అక్కడ బిడ్డకు ఉండే శాశ్వత విద్యా సంఖ్య ఆ బడి కిందే ఉంటుంది. వాళ్ళు విడుదల చేసేదాకా తర్వాతి బడి ఆ బిడ్డ వివరాలను తన వైపు మార్చుకోలేదు. ఒక లాప్‌టాప్ మీద మిగిలే డబ్బు కోసం బిడ్డ రికార్డును ఇంకొకరి చేతిలో పెట్టడం ఎందుకు?

అపోహ: అయితే మాకు ఏ రాయితీ రాదు.

వాస్తవం: అడగందే అమ్మైనా పెట్టదంటారు. కాకపోతే ఏ హోదాలో అడుగుతున్నామో తెలిసి అడగాలి. తల్లిదండ్రులు టీచర్‌గా అడిగితే తలుపు మూసుకునే చోట, బిడ్డ విద్యార్థిగా అడిగితే తెరుచుకోవచ్చు.

దానికి మన దగ్గరున్న గట్టి ఆధారం ఎన్.ఐ.ఓ.ఎస్. నమోదు. ఇది 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక పాఠశాల బోర్డు. చిన్నపిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన ఎ, బి, సి స్థాయిలు ఉన్నాయి. పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది పరీక్ష అవకాశాలు ఉంటాయి. ఫొటో, నమోదు సంఖ్య ఉన్న గుర్తింపు కార్డు వస్తుంది. ఇది అసలైన విద్యార్థి కార్డు, మొహమాటం లేకుండా చూపించండి. అయితే ఇది బిడ్డకు మాత్రమే పనికొస్తుంది. దాన్ని చూపించి తల్లిదండ్రులు టీచర్ ధర అడగడం కుదరదు. కాలేజీ విద్యార్థులకు మాత్రమే అని రాసిన చోట పదో తరగతి కార్డూ పనిచేయదు.

ఉపయోగపడే చోటికి ఒక ఉదాహరణ: ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్ ఇచ్చే విద్యార్థి ప్యాక్. 13 ఏళ్ళు నిండి ఉండాలి. అర్హత ఉన్న చదువుల జాబితాలో హోమ్‌స్కూల్ అనే మాట వాళ్ళే రాశారు. తేదీ కనబడే ఆధారం అప్‌లోడ్ చేయాలి.

ఇలాంటి దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా పేరు దగ్గర. మన ఇంటిపేర్లే దీనికి మూలం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బోర్డు కార్డులో ఒక్క అక్షరం, ఈమెయిల్ ఖాతాలో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. పరిశీలించే కంప్యూటర్‌కు ఈ మూడూ ముగ్గురు వేర్వేరు మనుషులు. అందుకే ఎన్.ఐ.ఓ.ఎస్.లో చేర్చేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు, అదే వరసలో పేరు రాయించండి. ఖాతా పేరును కూడా దానికి సరిపోయేలా మార్చి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. ఫొటో తీసేటప్పుడు కార్డు నాలుగు మూలలూ కనబడాలి, ప్లాస్టిక్ కవర్ మెరుపు అక్షరాల మీద పడకూడదు. కార్డు మీద ప్రస్తుత సంవత్సరం లేకపోతే ఆ ఏడాది ఫీజు రసీదు జతచేయండి.

ఇంకొక దారి చాలామందికి తట్టదు. పెద్దబిడ్డ కాలేజీలో చేరి ఉంటే, ఆపిల్ లాంటి కంపెనీలు చదువుకునేవాళ్ళకు తగ్గించి ఇచ్చే ‘ఎడ్యుకేషన్ ధర’ కాలేజీ విద్యార్థికే కాదు, ఆ విద్యార్థి కోసం కొనే తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. ఎస్వీ యూనివర్సిటీలోనో ఐఐటీ తిరుపతిలోనో సీటొచ్చిన అక్క కోసం కొనేటప్పుడు ఈ అర్హత ఇంట్లోనే ఉన్నట్టు. ఆ యంత్రం ఆమె కోసమే కొనాలి. షరతులు తప్పితే మామూలు ధరకూ రాయితీ ధరకూ ఉన్న తేడాను వసూలు చేసే హక్కు కంపెనీలు రాసి పెట్టుకుంటాయి.

అపోహ: ఎడ్యుకేషన్ ధరే అన్నిటికంటే తక్కువ.

వాస్తవం: చాలాసార్లు కాదు. కొనే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. ఒకటి ఎడ్యుకేషన్ ధర. రెండోది దసరా, దీపావళి అమ్మకాల్లో బ్యాంకు కార్డు తగ్గింపు పోగా చేతికొచ్చే ధర. మూడోది గాంధీ రోడ్డులోనో చిత్తూరులోనో షాపువాడు బిల్లుతో, వారంటీతో చెప్పే ధర. ఎడ్యుకేషన్ ధరకు బ్యాంకు ఆఫర్ కలుస్తుందో లేదో చివరి చెల్లింపు పేజీలో చూస్తేనే తెలుస్తుంది. లాప్‌టాప్ మీద 18 శాతం జి.ఎస్.టి. ధరలో కలిపి చెప్పారా, తర్వాత కలుపుతారా అన్నదీ అడగాలి.

నెలవారీ సాఫ్ట్‌వేర్‌లో మోసపోయేది రెండో ఏడాది. అడోబీ విద్యార్థి ధర మొదటి ఏడాది తక్కువ, తర్వాత పెరుగుతుంది. ఏడాది ఒప్పందానికి నెలనెలా కట్టే పథకం తీసుకుని 14 రోజులు దాటాక మానేస్తే, మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టమంటారు. తీసుకున్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో ముగింపు తేదీకి నెల ముందు గుర్తు పెట్టుకోండి.

అసలు కొనాల్సిన అవసరం ఉందా అన్నది కూడా చూడాలి. లిబ్రాఫీస్ (ఆఫీస్ సాఫ్ట్‌వేర్), జియోజీబ్రా (లెక్కలకు), టింకర్‌కాడ్ (త్రీడీ డిజైన్‌కు), ఫెట్ సైన్స్ ప్రయోగాలు ఎవరికైనా ఉచితం, ఏ కార్డూ అడగవు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఎన్నో ఉన్నాయి, ప్రింటు తీసి పంచుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఇంటి చదువులో ఎనిమిదో తరగతి దాకా వీటితోనే గడిచిపోతుందని మా గట్టి అభిప్రాయం.

అపోహ: టీచర్ కార్డు ఉంటేనే పుస్తకాల షాపులో తగ్గిస్తారు.

వాస్తవం: షాపులో కార్డు కంటే పరిమాణానికి విలువ. నాలుగు కుటుంబాలు కలిసి నోటు పుస్తకాలు, చార్టులు, రంగులు ఒకే జాబితాగా మే నెలలోనే ఇస్తే షాపువాడు బేరానికి వస్తాడు. జూన్ బడుల రద్దీలో ఆ మాట వినే తీరిక అతనికి ఉండదు. ఇంకో విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, క్రేయాన్లు, మ్యాపులు, గ్లోబుల మీద జి.ఎస్.టి. సున్నా. జామెట్రీ బాక్సు మీద 5 శాతం. అచ్చు పుస్తకాలకు ముందే పన్ను లేదు. బిల్లులో ఈ వస్తువుల ఎదుట పన్ను గడి చూడండి. పాత రేటు వేసి, పైన ‘టీచర్ డిస్కౌంట్ పది శాతం’ అంటే అది రాయితీ కాదు.

అపోహ: ఇంటి చదువు ఖర్చు ఆదాయపు పన్నులో 80సి మినహాయింపు కింద చూపించవచ్చు.

వాస్తవం: కుదరదు. పాత పన్ను విధానంలో ఆ మినహాయింపు విద్యాసంస్థకు కట్టిన ట్యూషన్ ఫీజుకే వర్తిస్తుంది. పుస్తకాలు, ఇంటికొచ్చే మాస్టారి జీతం, లాప్‌టాప్ లెక్కలోకి రావు.

అపోహ: బడి కార్డు లేకపోతే బస్సులు, రైళ్ళు, విహారాలు అన్నీ పూర్తి ధరే.

వాస్తవం: ఆర్టీసీ విద్యార్థి పాసుకు, రైల్వే విద్యార్థి రాయితీకి గుర్తింపు పొందిన సంస్థ సంతకం కావాలి, అది నిజమే. అయితే వయసును బట్టి వచ్చేవి ఎవరూ ఆపలేరు. రైల్లో 5 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రంలోని ఆడపిల్లలకు పాసు అవసరమే లేదు, ఆధార్ చూపిస్తే చాలు. చంద్రగిరి కోట లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు రుజువు చేతిలో ఉంచుకోండి. శ్రీహరికోట ప్రయోగాలు చూసే గ్యాలరీకి ఇస్రో వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, బడి పేరు అడగరు.

తిరుపతి సైన్స్ సెంటర్, జూపార్కు లాంటి చోట్ల గుంపుగా వెళ్ళాలంటే పది రోజుల ముందే ఉత్తరం ఇవ్వండి. పిల్లల పేర్లు, వయసులు, వచ్చే తేదీ, వెంట వచ్చే పెద్దల సంఖ్య, ఒకరి ఫోన్ నంబరు, కింద తల్లిదండ్రులందరి సంతకాలు ఉండాలి. ‘బడి’ అని రాయకండి, ‘ఇంట్లో చదువుకునే పిల్లల బృందం’ అని ఉన్నదున్నట్టు రాయండి. ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారి చేతిలో ఉంటుంది. టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి వాదించడం కంటే ముందుగా చేరిన ఉత్తరానికే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటే ఆ మాట ఉత్తరం నకలు మీదే రాయించుకుని తెచ్చుకోండి, ఆ రోజు కౌంటర్‌లో ఉండే మనిషి వేరు కావచ్చు.