రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు

షుగర్ వస్తే అన్నం మానేసి జొన్న రొట్టెలు తినమంటారు చాలామంది. లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన తిండిగింజల పోషక విలువలు ప్రకటించింది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. జొన్నల్లో పిండిపదార్థం 68, పీచు 10. పీచు మేలు చేస్తుంది, కాదనను. కానీ షుగర్ వచ్చిందని అన్నం మానేసి, సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర నాలుగు జొన్న రొట్టెలు లాగిస్తే ఒంట్లోకి చేరే పిండి ఏం తగ్గినట్టు? రెండు రొట్టెలు, గిన్నెడు ఆకుకూర పప్పు అయితే ఆ లెక్క వేరు.

బియ్యం సంగతీ అంతే. మన నగరంలోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని తయారుచేశాయి. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంతగా పెరుగుతుందో చెప్పే అంకె, సుమారు 51 అని తర్వాత తేలింది. 55, అంతకు లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. మంచి బియ్యమే కదా అని ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే ఆ లాభం కాస్తా హరీమంటుంది. మనం పప్పు, పులుసు, పెరుగు అన్నీ అన్నంలోనే కలుపుకుంటాం. ముందు కూర, పప్పు ఉత్తవే కొంత తినేసి తర్వాత అన్నం మీదికి వెళితే షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది.

అసలు విషయం కండరాల్లో ఉంది. కండర కణం లోపల గ్లూట్-4 అనే ప్రొటీన్ ఉంటుంది. ఇన్సులిన్ పిలిస్తే అది కణం పైపొరకు వచ్చి రక్తంలోని గ్లూకోజును లోపలికి పంపిస్తుంది. టైప్ 2 షుగర్‌లో ఆ పిలుపు సరిగా వినపడదు. అయితే కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలవకపోయినా గ్లూట్-4 పైకి వస్తుంది! ఈ దారి చాలామంది షుగర్ రోగుల్లో చెడిపోకుండానే ఉంటుంది. మెట్లెక్కినా, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా తొడ కండరాలు గ్లూకోజును లాక్కుంటాయి.

మరి ఎప్పుడు నడవాలి? కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున నడిచేవాళ్ళను తప్పుపట్టలేం. కానీ న్యూజిలాండ్‌లో 41 మంది టైప్ 2 రోగులతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటి కంటే, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత 22 శాతం! ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరి, పదింటికి తిని, అలాగే పడుకునే మనకు ఈ రెండో అంకె ముఖ్యం. వీధిలో కుక్కల భయముంటే అపార్ట్‌మెంట్ కారిడార్ చాలు, సెల్లార్ అయినా సరే.

బరువు ఎక్కువున్నవాళ్ళు తగ్గితే ఇంకా మేలు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ప్రయోగంలో తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించే కార్యక్రమంలో చేరినవారిలో 46 శాతం మందికి ఏడాది నాటికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. వాళ్ళది వచ్చి ఆరేళ్ళ లోపు షుగరే.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం తిండి తగ్గించి నడక పెంచే ముందు, షుగర్ మరీ పడిపోకుండా, డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి. నడుస్తుండగా చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే ఆగి, వీలుంటే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ పెరగకపోతే మళ్ళీ తాగాలి.