తాగుడు మానిన ఆడవాళ్ల మెదడు ఏం చెబుతోంది?

బెంగళూరు హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఓపీ దగ్గర కాసేపు నిలబడితే కన్నడంతో పాటు మన రాయలసీమ తెలుగూ చెవిన పడుతుంది. తాగుడు మాన్పించాలని వచ్చే కుటుంబాల్లో చీటీ పట్టుకుని క్యూలో నిలబడేది ఎక్కువగా భార్యో తల్లో. చూపించుకోవాల్సింది మగమనిషి. తాగే ఆడమనిషిని డాక్టరు దగ్గరికి తీసుకొచ్చే ఇళ్లు తక్కువ. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని దాచేస్తారు.

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్లలోపు మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం మద్యం తాగుతున్నారు. అంకె చిన్నదని ఆడవాళ్లను పక్కన పెట్టింది మనం మాత్రమే కాదు, సైన్సూ చాలాకాలం అదే పని చేసింది. 1984లో హెన్రీ బెగ్లైటర్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో ఒక ముఖ్యమైన విషయం కనిపెట్టింది. తాగుడుకు బానిసలైన తండ్రుల పిల్లల్లో, వాళ్లింకా మందు ముట్టకముందే, పి300 అనే మెదడు తరంగం బలహీనంగా ఉంది. అంటే మెదడులోని తేడా కొంత తాగుడుకంటే ముందే ఉండొచ్చు. ఎంతో విలువైన సంగతి. కానీ వాళ్లు పరీక్షించినవాళ్లంతా మగపిల్లలే.

ఆడవాళ్లను కూడా కలిపి చూడటం మొదలయ్యాక కథ మారింది. తాగుడుకు అలవాటు పడ్డవాళ్ల ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్షలో, బీటా తరంగాలు ఎక్కువగా ఉంటాయి. మెదడు నెమ్మదించలేక గిలగిల్లాడుతోందనడానికి అదొక గుర్తు. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ పెరుగుదల మగవాళ్లలో స్పష్టంగా కనిపించింది, ఆడవాళ్లలో మాత్రం లెక్కకు నిలబడేంతగా లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది బోస్టన్‌లో మార్లీన్ ఆస్కార్-బెర్మన్, కేల్ సాయర్ అనే పరిశోధకులు చేసిన పని. తాగుడు మానేసినవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, సంతోషం, భయం, అసహ్యం కలిగించే బొమ్మలు చూపించారు. మెదడులో ఏ భాగం చురుగ్గా పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ అనే ఈ స్కాన్ పట్టుకునేది దాన్నే. తాగుడు అలవాటు లేని మగవాళ్లతో పోలిస్తే, మానేసిన మగవాళ్ల మెదడు ఆ బొమ్మలకు మందకొడిగా స్పందించింది. ఆడవాళ్లలో సరిగ్గా తలకిందులు: అలవాటు లేని ఆడవాళ్లకంటే మానేసినవాళ్ల మెదడే ఎక్కువగా స్పందించింది. ఇది 2019 మాట. 2017లో ఇదే బృందం, సుఖం, తృప్తి కలిగించే మెదడు భాగాలను కొలిచినప్పుడూ అంతే. తాగుడు అలవాటు లేనివాళ్లతో పోలిస్తే, అవి మానేసిన మగవాళ్లలో చిన్నవిగా, మానేసిన ఆడవాళ్లలో పెద్దవిగా తేలాయి.

ఇప్పుడు ఇద్దరినీ ఒకే గంపలో వేసి సగటు తీశామనుకోండి. ఒకవైపు తగ్గింది, ఇంకోవైపు పెరిగింది, రెండూ కొట్టుకుపోతాయి. ఏ తేడా లేదని రాసుకుని ఇంటికి వెళ్లిపోతాం. ఇన్నేళ్లలో ఇలా ఎన్ని ఫలితాలు మన చేతుల్లోంచి జారిపోయాయో అనిపిస్తుంది నాకు.

ఇవి చిన్న అధ్యయనాలే. పైగా మానేశాక తీసిన స్కాన్‌ను బట్టి, ఈ తేడా తాగుడు వల్ల వచ్చిందా, ముందునుంచే ఉందా అని తేల్చలేం. అయినా కౌన్సెలింగ్‌లో ఇది పనికొచ్చే విషయం. దిగులు, టెన్షన్ తట్టుకోలేక గ్లాసు పట్టుకోవడం ఆడవాళ్లలో ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మగవాళ్ల కోసం తయారైన పద్ధతినే వాళ్లకూ అంటగడితే ఆ దిగులు అక్కడే ఉండిపోతుంది.

శరీరం సంగతి వేరే ఉంది. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మందు తాగినా రక్తంలో మద్యం మోతాదు ఎక్కువవుతుంది. మొదటి గ్లాసు నుంచి చికిత్స అవసరమయ్యే దశకు వాళ్లు మగవాళ్లకంటే త్వరగా చేరుతున్నారని చాలా అధ్యయనాల్లో కనిపించింది. పరువు కోసం ఇంట్లో దాచే రోజులు కూడా ఆ కొద్ది వ్యవధిలోంచే పోతాయి.