ఆగస్టులో పోయిన మూడు పాయింట్లు

సీజన్ తొలి ఆటలోనే, అదీ మూడే పాయింట్ల తేడాతో జట్టు ఓడిపోతే అభిమానికి ఆ రాత్రి ఒక పట్టాన నిద్ర పట్టదు. తిట్టుకుందామంటే జట్టు బాగానే ఆడింది. సంతోషిద్దామంటే ఓడిపోయింది. 2025 ఆగస్టు 31న ఫ్లోరిడాలోని మయామి గార్డెన్స్‌లో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 27-24 తేడాతో మయామి విశ్వవిద్యాలయం చేతిలో ఓడినప్పుడు మా పక్షం వాళ్లందరి పరిస్థితీ అదే. అవును, నేను నోటర్‌డేమ్ పక్షమే. ఈ కథనంలో తటస్థత కోసం వెతకకండి. లెక్కలు మాత్రం సరిగానే ఉంటాయి.

ఆ రాత్రి ఊరటకు కారణాలు లేకపోలేదు. క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు, సీజే కార్‌కు కళాశాల స్థాయిలో ఆట మొదటి నుంచే దిగడం అదే తొలిసారి. మిషిగన్ జట్టుకు చాలాకాలం కోచ్‌గా ఉన్న లాయిడ్ కార్ మనవడు అతను. ప్రత్యర్థి మైదానంలో, రెండు టచ్‌డౌన్ల (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) వెనుకబాటు నుంచి జట్టును 24-24 దాకా లాక్కొచ్చాడు. ఆట ముగియడానికి నిమిషం ఉందనగా మయామి కిక్కర్ కార్టర్ డేవిస్ 47 గజాల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చాడు. మిగిలిన కొద్ది సమయంలో నోటర్‌డేమ్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. మరుసటి రోజు అభిమానుల ఫిర్యాదు ఒక్కటే: బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లలో దేశంలోనే మేటివారిలో ఒకడైన జెరెమయా లవ్ చేతికి బంతిని అంత తక్కువసార్లు ఎందుకు ఇచ్చారు? ఫిర్యాదు వెనుకే ఓదార్పు కూడా నడిచింది. ఇప్పుడు ప్లేఆఫ్‌కు 12 జట్లు వెళ్తాయి కదా, ఆగస్టు ఓటమిని డిసెంబరులో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

గుర్తుపెట్టుకున్నారు. ఎందుకు గుర్తుపెట్టుకున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన మైదానాల్లో కాలితో ఆడేది కాదు, అమెరికాలో కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడేది. విశ్వవిద్యాలయాల జట్లు వందకు పైగా ఉంటాయి. ఒక్కో జట్టుకు రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలే. కాబట్టి ఎక్కువ జట్లు ఒకదానికొకటి ఎదురుపడవు. ఐపీఎల్‌లో ముంబై ఇండియన్స్ 2013 నుంచి 2025 వరకు ప్రతి సీజన్ తొలి మ్యాచ్‌నూ ఓడిపోయింది. అదే కాలంలో అయిదుసార్లు కప్పు కూడా గెలిచింది. అక్కడ పాయింట్ల పట్టిక ఉంది, నెట్ రన్‌రేట్ ఉంది, తేల్చేది లెక్క. కళాశాల ఫుట్‌బాల్‌లో చాలాకాలం అలాంటి పట్టికే లేదు. ఎవరు గొప్పో మనుషులు కూర్చుని చెప్పేవారు.

ఆ మనుషులు మొదట విలేకరులు. అసోసియేటెడ్ ప్రెస్ పోల్ 1936లో మొదలైంది. 1950 నుంచి కోచ్‌ల పోల్ కూడా తోడైంది. వారం వారం ఓట్లు వేసి జట్లను వరుసలో పెట్టేవారు. సీజన్ చివర కొన్ని జట్లు కొత్త సంవత్సరం రోజుల్లో బౌల్ ఆటలకు, అంటే సీజన్ ముగింపు ప్రత్యేక ఆటలకు వెళ్లేవి. ఏ బౌల్‌కు ఎవరు వెళ్లాలో చాలావరకు పాత ఒప్పందాలు తేల్చేవి. మొదటి, రెండో ర్యాంకు జట్లు తలపడతాయన్న హామీ లేదు. నోటర్‌డేమ్ అయితే 1925 నాటి రోజ్ బౌల్ తర్వాత నలభై ఏళ్లకు పైగా బౌల్ గడపే తొక్కలేదు. 1970 కాటన్ బౌల్‌తో మళ్లీ మొదలుపెట్టింది.

ఓట్లతో నడిచే వ్యవస్థకు జ్ఞాపకశక్తి తక్కువ. వారం వారం ఓటు వేసే మనిషికి నిన్న చూసినది కనిపించినంత స్పష్టంగా మూడు నెలల కిందటిది కనిపించదు. అందుకే అభిమానుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది: ఓడక తప్పకపోతే ముందుగానే ఓడాలి.

దీనికి తిరుగులేని సాక్ష్యం 1983 నాటి మయామి. ఆ ఏడాది తొలి ఆటలో మయామి 28-3తో ఫ్లోరిడా చేతిలో చిత్తుగా ఓడింది. క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోసార్‌కు అది తొలి ఆరంభం. తర్వాత వరుసగా పది గెలిచి, ఆరెంజ్ బౌల్‌లో ఓటమి ఎరుగని నెబ్రాస్కాను 31-30తో పడగొట్టింది. ఆ ఆటకు ముందు అయిదో ర్యాంకు, ఆట ముగిశాక మొదటి ర్యాంకు. ఆ జట్టుకు అదే తొలి జాతీయ టైటిల్. సెప్టెంబరులోని పాతిక పాయింట్ల పరాభవం జనవరికి ఎవరికీ అడ్డుకాలేదు.

నమ్మకానికి రెండో ముఖం 1989లో కనిపించింది. ఫ్లోరిడా స్టేట్ తొలి ఆటలో సదరన్ మిసిసిపీ చేతిలో 30-26తో ఓడింది. ఆ తర్వాత క్లెమ్సన్ చేతిలోనూ ఓడి, మిగిలిన పది ఆటలూ గెలిచింది. గెలిచిన వాటిలో మయామితో ఆట కూడా ఉంది, 24-10. ఏడాది చివర మయామి మొదటి ర్యాంకు, ఫ్లోరిడా స్టేట్ మూడు. తమను ఓడించిన జట్టు కన్నా మయామి పైన నిలిచింది. కారణం సులువే, మయామికి ఒకటే ఓటమి, ఫ్లోరిడా స్టేట్‌కు రెండు.

ఆ రెండు జట్లకూ నడుమ రెండో ర్యాంకులో ఉన్నది మా జట్టు. నోటర్‌డేమ్, మయామి వైరం కథ ఇక్కడ చెప్పకపోతే 2025 అర్థం కాదు. 1985లో మయామి 58-7తో మమ్మల్ని తొక్కేసింది. 1988 అక్టోబరు 15న మా ఊరు సౌత్‌బెండ్‌లో మయామి చివర్లో టచ్‌డౌన్ చేసి, దాని తర్వాత దొరికే అదనపు ప్రయత్నంలో ఒక్క పాయింటుతో సమం చేసుకోకుండా రెండు పాయింట్ల కోసం తెగించింది. పాస్‌ను ప్యాట్ టెరెల్ చేత్తో తోసేశాడు. 31-30. రెగ్యులర్ సీజన్‌లో 36 ఆటలుగా సాగుతున్న మయామి జైత్రయాత్ర అక్కడ ఆగింది. నోటర్‌డేమ్ 12-0తో, అంటే పన్నెండు గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మాకు మరో టైటిల్ లేదు. మరుసటి ఏడాది మయామి 27-10తో బదులు తీర్చుకుంది. ఆ ఏడాది ఆరెంజ్ బౌల్‌లో మేము మొదటి ర్యాంకు కొలరాడోను 21-6తో ఓడించి 12-1తో ముగించాం. మయామిది 11-1. మా కోచ్ లూ హోల్ట్జ్, మా అభిమానులు టైటిల్ మాదేనన్నారు. ఓటర్లు ముఖాముఖి ఫలితం చూశారు, టైటిల్ మయామికి పోయింది.

సరే, ముఖాముఖి ఫలితమే ప్రమాణం అనుకుందాం. 1993 నవంబరు 13న మేము మొదటి ర్యాంకు ఫ్లోరిడా స్టేట్‌ను 31-24తో ఓడించాం. సరిగ్గా వారానికి సొంత మైదానంలో బోస్టన్ కాలేజ్ చేతిలో 41-39తో, ఆఖరి ఫీల్డ్ గోల్‌తో ఓడిపోయాం. చివరికి రెండు జట్లకూ ఒక్కొక్క ఓటమి. ముఖాముఖి గెలిచింది మేము. టైటిల్ మాత్రం ఫ్లోరిడా స్టేట్‌కు. నాలుగేళ్ల కిందటి సూత్రం ఏమైందని అడిగితే జవాబు చెప్పినవారు లేరు. వాళ్ల ఓటమి మాకన్నా వారం ముందు వచ్చిందన్నదే నాకు కనిపించే తేడా. ఇక్కడ నాలోని అభిమాని మాట్లాడుతున్నాడని అనుకున్నా సరే.

1998లో వచ్చిన బీసీఎస్ పద్ధతి పోల్‌లనూ కంప్యూటర్ ర్యాంకులనూ కలిపి మొదటి రెండు జట్లను ఎంపిక చేసేది. రెండే స్థానాలు కాబట్టి తొలి ఆటలోనే ఓడటమంటే దాదాపు సీజన్ ముగిసినట్టే. 2007లో అయిదో ర్యాంకు మిషిగన్ తన తొలి ఆటలో, దిగువ విభాగానికి చెందిన అప్పలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడింది. మిషిగన్ ఆఖరి ఫీల్డ్ గోల్ ప్రయత్నాన్ని అడ్డుకోవడంతో ఆట ముగిసింది. ఆ సెప్టెంబరు 1 సాయంత్రానికే అక్కడి అభిమానుల ఏడాది అయిపోయింది.

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది. దానితో పాటు అసలు మార్పు వచ్చింది. ఓటర్ల బదులు ఒక ఎంపిక కమిటీ గదిలో కూర్చుని చర్చించి ర్యాంకులు ఇస్తుంది. ఏం చూడాలో కాగితం మీద రాసుకున్నారు: ఎదుర్కొన్న జట్ల బలం, కాన్ఫరెన్స్ (కొన్ని జట్లు కలిసి ఏర్పడ్డ కూటమి) టైటిల్, ముఖాముఖి ఫలితం, ఉమ్మడి ప్రత్యర్థులతో ఫలితాలు. అంటే ముఖాముఖి ఫలితం ఓటరు ఇష్టాయిష్టాల నుంచి నియమావళిలోకి వచ్చింది. అయితే అది దాదాపు సమానమైన జట్లను విడదీయడానికి మాత్రమే. ఎవరు ఎవరితో సమానమన్నది మళ్లీ కమిటీ ఇష్టం.

మొదటి ఏడాదే దీని విచిత్రం బయటపడింది. బేలర్ 61-58తో టీసీయూను ఓడించింది. అయినా వారాల తరబడి కమిటీ టీసీయూనే పైన ఉంచింది. చివరి జాబితాకు ముందు టీసీయూది మూడో స్థానం. ఆఖరి ఆటను 55-3తో గెలిచాక కూడా ఆరో స్థానానికి జారింది, బేలర్ అయిదులోకి వచ్చింది. ముఖాముఖి ఫలితం ఆఖరి రోజున గుర్తొచ్చింది. ఇద్దరూ బయటే ఉండిపోయారు. లోపలికి వెళ్లిన ఒహాయో స్టేట్ తన రెండో ఆటను సొంత మైదానంలో 35-21తో వర్జీనియా టెక్ చేతిలో ఓడిన జట్టు. అదే చివరికి టైటిల్ గెలిచింది. దాంతో అభిమానులు ఒహాయో స్టేట్‌ను గుర్తుపెట్టుకుని, పాత నమ్మకం నిజమేననుకున్నారు. టీసీయూకు జరిగింది మరిచిపోయారు.

2024లో ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగింది. ఆ ఏడాది నోటర్‌డేమ్ రెండో ఆటలోనే నార్తర్న్ ఇలినాయ్ చేతిలో 16-14తో, సొంతగడ్డ మీద ఓడింది. తలెత్తుకోలేని ఓటమి. తర్వాత ఒక్కటీ ఓడకుండా ఫైనల్ దాకా వెళ్లి, ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడింది. మయామి చేతిలో ఓడిన రాత్రి మాకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇక్కడి నుంచే.

ఇక 2025కు వస్తే, రెండో ఆటలో టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో 41-40తో, 13 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ ఇచ్చి ఓడాం. రెండు ఓటములు కలిపి నాలుగు పాయింట్లు. తర్వాత వరుసగా పది విజయాలు, ఒక్కటీ పది పాయింట్లకు తక్కువ తేడాతో కాదు. సిరక్యూస్ మీద 70-7. మయామి ఈలోగా లూయీవిల్, ఎస్‌ఎంయూ చేతుల్లో ఓడింది. నవంబరు ఆరంభంలో కమిటీ తొలి జాబితా ఇచ్చినప్పుడు నోటర్‌డేమ్ 10, మయామి 18. మధ్యలో ఇన్ని జట్లున్నప్పుడు ముఖాముఖి ఫలితం ప్రసక్తే రాదన్నారు. మయామి మెల్లగా ఎగబాకింది. డిసెంబరు 7 నాటి చివరి జాబితాకు ముందు మేము 10, బీవైయూ 11, మయామి 12. బీవైయూ తన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో 34-7తో ఓడి కిందికి దిగింది. ఆ వారాంతంలో నోటర్‌డేమ్ ఆడలేదు, మయామి ఆడలేదు. కానీ నడుమ ఉన్న గోడ పోయింది. పక్కపక్కన నిలిచేసరికి ఆగస్టు 31 ఆట బల్ల మీదికి వచ్చింది. కమిటీ అధ్యక్షుడు హంటర్ యూరచెక్ ఇచ్చిన వివరణ కూడా ఇదే. మయామి 10, నోటర్‌డేమ్ 11. చిన్న కాన్ఫరెన్సుల విజేతలు తులేన్, జేమ్స్ మాడిసన్‌లకు రెండు స్థానాలు కేటాయించాల్సి రావడంతో పదో ర్యాంకుతోనే తలుపు మూసుకుంది.

మయామి అర్హత లేని జట్టని నేను అనను. ప్లేఆఫ్‌లో ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్, ఓల్ మిస్‌లను ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. తన మైదానంలోనే జరిగిన ఆ ఫైనల్‌లో ఇండియానా చేతిలో 27-21తో ఓడింది. ఆగస్టులో మమ్మల్ని గెలిచింది నిజం. నా గొడవ వేరు. గెలిచినవాళ్లే పైన ఉండాలంటే నవంబరు నుంచీ పైనే ఉండాలి. అయిదు వారాలు పనికిరాని ఫలితం ఆరో వారం ఎలా పనికొచ్చింది?

అదే ఏడాది మరో రెండు తొలి ఓటములు చూడండి. అలబామా తొలి ఆటలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది. ఆ ఫ్లోరిడా స్టేట్ చివరికి 5-7తో ముగిసింది. అలబామా తన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో కూడా 28-7తో ఓడింది. అయినా తొమ్మిదో ర్యాంకుతో లోపలే. సీజన్‌కు ముందు మొదటి ర్యాంకులో ఉన్న టెక్సస్ తొలి ఆటకే ఒహాయో స్టేట్ మైదానానికి వెళ్లి 14-7తో ఓడింది. చివరికి 9-3తో బయట ఉండిపోయింది. ఆ ఆట బదులు ఏ చిన్న జట్టునో పిలిచి గెలిచి ఉంటే 10-2 అయ్యేది కదా అని ఆస్టిన్‌లో వాదన నడిచింది. డల్లాస్, ఆస్టిన్ వైపు ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో చదువుకునే విశ్వవిద్యాలయం అది. ఆ వాదన మన ఇళ్లలో కూడా వినిపించి ఉంటుంది. అందులో న్యాయం ఉంది. కష్టమైన తొలి ఆట ఆడినందుకు శిక్ష పడుతుందంటే ఇక ముందు ఎవరు ఆడతారు?

నోటర్‌డేమ్‌కు మరో చిక్కు, ఫుట్‌బాల్‌లో మాకు కాన్ఫరెన్స్ లేదు. 1991 నుంచి ఎన్‌బీసీతో సొంత ప్రసార ఒప్పందం ఉంది, స్వతంత్రంగా ఉండటం మా గర్వం. కాన్ఫరెన్స్ లేదంటే ఆఖరి వారాంతంలో ఆడటానికి ఫైనల్ లేదు, కమిటీ గదిలో మన పక్షం మాట్లాడేవారూ తక్కువ. మిగతా చాలా క్రీడల్లో మేము సభ్యులమైన ఏసీసీ కాన్ఫరెన్స్, ఫుట్‌బాల్‌లో తన సభ్యురాలైన మయామి కోసం బాహాటంగా ప్రచారం చేసింది. దాని టీవీ చానెల్ ఆగస్టు ఆటను మళ్లీ మళ్లీ ప్రసారం చేసింది. మా క్రీడా విభాగం అధిపతి పీట్ బెవాక్వా సంబంధం శాశ్వతంగా దెబ్బతిందన్నాడు. జట్టు బౌల్ ఆటకు వెళ్లకుండా సీజన్‌ను అక్కడే ముగించింది. అది అలక అని చాలామంది అన్నారు, నాకూ అలాగే అనిపించింది.

2026 నుంచి అమలయ్యే ఒప్పందం ప్రకారం నోటర్‌డేమ్ మొదటి 12 ర్యాంకుల్లో ఉంటే ప్లేఆఫ్ స్థానం ఖాయం. ఏడాది ముందే ఉంటే మా 11వ ర్యాంకు సరిపోయేది. ఇలాంటి హామీ ఇంకే జట్టుకూ పేరు పెట్టి ఇవ్వలేదు. ఇది ప్రత్యేక రాయితీ అని మిగతా జట్ల అభిమానులు మండిపడుతున్నారు. కాదనడానికి నా దగ్గర కూడా సరైన వాదన లేదు.