ట్రంకు పెట్టెలో ఇద్దరు హరిశ్చంద్రులు: పాత నాటకాల ఫొటోలు, అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో పాత ఫొటోలు బాగుచేయడం నా పని. రిటైరైన నాటకాల వాళ్ల ఇళ్ల నుంచి ట్రంకు పెట్టె వచ్చిందంటే సంతోషం కన్నా ముందు టెన్షన్ మొదలవుతుంది. నా దాకా వచ్చేలోపే దాన్ని ఎవరో ఒకరు శుభ్రం చేసేసి ఉంటారు. ఈమధ్య సత్యనారాయణపురంలో, చంద్రమతి వేషం కట్టి ఊరూరా పద్యాలు పాడిన ఒక పెద్దావిడ పెట్టె తెరిచాం. అందులో కనిపించినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ ఫొటో మీద నీలంగా మెరిసేది బూజు, తుడిస్తే పోతుంది.

వాస్తవం: అది వెండి. ఆ ఫొటోలో బొమ్మ కట్టిందే సన్నటి వెండి రేణువులతో. చెమ్మకీ గాలికీ ఆ వెండి కదిలి, నల్లగా ఉన్న చోట్ల పైకి తేలుతుంది. గుడ్డ పెట్టి రుద్దారంటే బొమ్మనే తుడిచేస్తున్నట్టు. రబ్బరు బ్యాండ్లు కూడా వద్దు. రబ్బరులో ఉండే గంధకం వెండి కప్పుల్ని నల్లబరిచినట్టే ఫొటోల్నీ పాడుచేస్తుంది. ఈ పెట్టెలో మెడల్సూ ఫొటోలూ కలిపి ఒకే బ్యాండు వేసి ఉన్నాయి!

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక ఢోకా లేదు.

వాస్తవం: వేడికి కరిగిన జిగురు ఫొటోలో కలిసిపోతుంది, తర్వాత ఊడదీయడం ఎవరి తరమూ కాదు. కుర్రతనంలో నేనూ కొన్ని చేసి ఇచ్చాను, ఇప్పటికీ బాధే. జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా ఇంచుమించు అంతే. అంటుకుపోయిన ఫొటోని గోటితో లాగొద్దు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని వెనక నుంచి మెల్లగా జరుపుతూ విడదీయాలి. రాకపోతే పేజీతోనే ఉంచేయండి.

అపోహ: ఫొటోలన్నీ నాటకం ఆడుతుండగా తీసినవే.

వాస్తవం: పెట్రోమాక్స్ వెలుగులో, అప్పటి ఫిల్ముతో కదిలే మనిషిని తీయడం కష్టం. చాలామంది పగటిపూట వేషంతో స్టూడియోకి వెళ్లి తీయించుకున్నారు. వెనక పరదా చూస్తే దొరికిపోతుంది. ఇంకోటి, చీర కట్టినవాళ్లందరూ ఆడవాళ్లు కారు. 1956లో పద్మశ్రీ అందుకున్న బాపట్ల నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషాన్ని చూసి ఇప్పటికీ "ఎవరండీ ఈవిడ?" అని అడిగేవాళ్లున్నారు.

అపోహ: తడిసిన ఫొటోలు ఎండలో పెడితే సరి.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చాక ఇలాంటివి చాలా చూశాను. ఎండకి చుట్టలు చుట్టుకుపోతాయి. మంచినీళ్లలో ముంచి ఒక్కొక్కటీ విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. అంత తీరిక లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఫ్రేము అద్దానికి ఆరి అంటుకున్నవైతే లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి.

అపోహ: ముందువైపు స్కాన్ చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: నా వరకు వెనకవైపే అసలు ఫొటో. స్టూడియో ముద్ర, తేదీ, ఊరు, ఒక్కోసారి ఇవ్వాల్సిన బాకీ, అన్నీ అక్కడే ఉంటాయి. అక్కడ ఏమీ లేకపోతే మనిషిని అడగాలి. ఈ పెట్టెలో ఇద్దరు హరిశ్చంద్రులు పక్కపక్కన కూర్చున్న ఫొటో ఉంది. ఒకే నాటకానికి ఇద్దరేంటని మనవడు దాన్ని పనికిరాని వాటిలో పడేశాడు. పేరున్న నటుల్ని తలా ఒక సీనుకి మాట్లాడి ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో అది మామూలే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన సత్య హరిశ్చంద్రలో వారణాసి సీను ఒకరిది, కాటి సీను ఇంకొకరిది. కురుక్షేత్రంలోనూ పడక సీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు.

పెద్దావిడ ఆ ఫొటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని నవ్వారు. "నాన్నా, ఈయన వారణాసి, ఆయన కాటి. ఆ రాత్రి ఇద్దరికీ పెళ్లాన్ని నేనే. ఈయనకి వన్స్ మోర్‌లు ఎక్కువై కాటి సీనుకి తెల్లారిపోయింది, ఆయన అలిగాడు. మొహం చూడు."

నిజంగానే మొహం ముడుచుకుని ఉంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు వెనక మెత్తటి పెన్సిల్‌తో రాశాను. బాల్‌పెన్‌తో రాస్తే గీత ముందుకి తేలుతుంది. పెట్టె ఇంకా సగం మిగిలింది. మధ్యాహ్నం దాటితే ఆవిడకి చూపు సరిగా ఆనదు, అందుకే ఈ వారమంతా పొద్దున్నే వెళ్తున్నాను.